కుర్మయ్య కోయని చెవులు

తూంకుంట దగ్గర రోడ్డు దాటుతూ మా బావ కుర్మయ్య పొట్టేలు ఒకటి లారీని కుమ్మింది. లారీ మెకానిక్కు దగ్గరికి పోయింది, పొట్టేలు మేతకు పోయింది. ఈ సంగతి నేను ఎక్కడ చెప్పినా మా అక్క సాలమ్మ అడ్డం వస్తుంది. "ఆగి ఉన్న లారీ అని గూడ చెప్పురా" అంటుంది. ఆగి ఉన్నంత మాత్రాన లారీ లారీ కాకుండా పోతుందా? ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చిన నాకు తెలిసిన సంగతి, పదో తరగతి దాకా పోయిన అక్కకు తెలియదు. నా మాటల్లో కొంత తీసేసి చదువుకోవాలనుకునేవాళ్ళు తీసేసుకోవచ్చు. ఎంత తీసెయ్యాలో తర్వాత నేనే చెబుతాను.

కుర్మయ్యది షామీర్‌పేట పక్కన అలియాబాద్. కురుమల ఇల్లు, గొర్ల మంద. పొడుగ్గా సన్నగా ఉంటాడు. భుజం మీద గొంగడితో నడిచి వస్తుంటే కరెంటు స్తంభానికి చలి పెట్టిందేమో అనిపిస్తుంది. మాట్లాడేది చాలా తక్కువ. అక్కను చూడడానికి మా ఇంటికి వచ్చిన రోజు ఆయన నోటి నుంచి రాలిన ఒకే ఒక్క మాట మా మేక గురించి. "దీనికి ఎనక కాలు నొస్తున్నట్టుంది" అన్నాడు. అక్కను చూశాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మేక కాలు మాత్రం నిజంగానే వాచింది.

ఆయనకు మందతో పాటు ఇంకో పని కూడా ఉంది. బక్రీద్ పండగకు మేడ్చల్ బజారు వెనక సందులో ఉన్న మసీదుకు పొట్టేళ్ళు ఏర్పాటు చేసేది ఆయనే. అంతకుముందు ఆయన నాయిన చేసేవాడు. ఆ సందులో వాళ్ళు ఎవరికి ఎన్ని కావాలో ఇమాం సాబ్‌కు చెప్పుకుంటారు, ఇమాం సాబ్ కుర్మయ్యకు చెబుతాడు. పండగకు ముందు జీవాలు మసీదు వాకిట్లో దిగుతాయి. అంతే. కుర్మయ్య చూసి తెచ్చాడంటే మళ్ళీ ఎవరూ వాటి నోరు తెరిచి చూడరు.

అది తేలిక పని అనుకునేవాళ్ళు ఒక్క ఏడు చేసి చూడండి. కుర్బానీకి ఇచ్చే జీవానికి ఏడాది నిండాలి. కుంటిది పనికిరాదు, కంటి చూపు లేనిది పనికిరాదు, రోగిష్ఠిది, బక్కది అసలే వద్దు. కొమ్ము మొదలంటా విరగకూడదు. చెవి తెగకూడదు.

చెవి దగ్గరే వచ్చింది చిక్కంతా.

మా కురుమల ఇళ్ళల్లో గొర్రెపిల్ల పుట్టిన నెలలోపే దాని చెవికి గుర్తు కోస్తారు. ఇంటికొక తీరు కోత. కుర్మయ్య ఇంటిది ఎడమ చెవి కింది అంచున వడ్లగింజంత గాటు. చెరువు కింద నాలుగు మందలు కలిసిపోయినప్పుడు చెవి పట్టుకుని చూస్తే ఎవరి జీవం ఎవరిదో తెలిసిపోతుంది. కోత లేని జీవానికి ఇల్లు లేనట్టే. ఎవరు తోలుకుపోయినా అడిగే దిక్కుండదు.

కుర్మయ్య మాత్రం మసీదుకు అనుకున్న పిల్లలకు చెవి కోయడు. మచ్చ లేని పిల్లలను ఏరి, వాటి చెవులను నిండుగా వదిలేస్తాడు. వాటిని ముఖాలు చూసి గుర్తుపడతాడు. నేను మా వీధిలో మనుషులనే గుర్తుపట్టలేక ఒకరిని అడగాల్సింది ఇంకొకరిని అడుగుతుంటాను. ఆయన మాత్రం చీకట్లో గొర్రె దగ్గితే అది దేని బిడ్డో, దాని తాతకు ఏ రోగం వచ్చిందో చెబుతాడు. అయినా ఒకటి రెండు సార్లు నిండు చెవుల పిల్లలు వేరే మందలో కలిసిపోయాయి. కుర్మయ్య పోయి అడిగితే, "నీదని గుర్తేది?" అన్నారు. ఆయన ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. కులపోళ్ళు ఎక్కడ కూడినా ఇదే ఎగతాళి. "కుర్మయ్య సగం మందకు పేరు పెట్టుడు మర్చిండు" అనేవాళ్ళు. ఆయన గొంగడి ఇంకొంచెం దగ్గరికి లాక్కుని కూర్చునేవాడు.

రెండు వేల సంవత్సరంలో బక్రీద్ మార్చి నెలలో వచ్చింది. ఆపాటికి మేడ్చల్ రోడ్డు మీద ఎక్కడెక్కడి నుంచో జీవాలను లారీల్లో దింపి అమ్మేవాళ్ళు మొదలయ్యారు. మసీదు కమిటీలో చేరిన కుర్రవాళ్ళకు అదే నచ్చింది. యూనుస్ అని సైకిల్ షాపు అతను ఒకడు, వాడైతే ఇమాం సాబ్ ముందే, "ఒక్కని మీద ఆధారపడి కూసునుడు ఎందుకు సాబ్? లారీ దగ్గరికి పోతే మస్తు జీవాలు, కావాల్సింది ఏరుకోవచ్చు" అన్నాడు. ఇమాం బాసిత్ సాబ్ గడ్డం దువ్వుకుంటూ, "లారీవాడు రేపు యాడుంటడో తెల్వదు. కుర్మయ్య యాడుంటడో తెలుసు" అన్నాడు. అప్పటికి ఆ మాట ఆగింది. కుర్మయ్యకు మాత్రం ఆ ఏడు ఒక్క జీవం తేడా వచ్చినా, నాయిన నుంచి వచ్చిన ఆ వాకిలి తనకు మూసుకుపోతుందని తెలుసు.

పండగ రెండు రోజులుందనగా నా ట్రాలీ ఆటోలో జీవాలన్నీ మేడ్చల్ చేర్చాం. నా ఆటో సంగతి ఇప్పుడు చెప్పను, చెబితే విమానాలవాళ్ళు బాధపడతారు. జీవాలన్నింటిలోకీ గొప్పది నల్లబొట్టు. ఒళ్ళంతా తెలుపు, నుదుట మాత్రం రూపాయి బిళ్ళంత నలుపు. ఇమాం సాబ్ దాని వీపు నిమిరి, "ఇది మసీదు తరఫున. కుర్బానీ ఇచ్చుకోలేని ఇండ్లకు దీని మాంసం పంచుతం" అన్నాడు. కుర్మయ్య ముఖం వెలిగింది. ఆయన ముఖం వెలగడమంటే ఎడమ మీసం కొంచెం కదలడం.

మర్నాడు పొద్దున బుచ్చవ్వ వచ్చింది. బుచ్చవ్వ కుర్మయ్య తల్లి. కంటికి పొర వచ్చి ఆపరేషన్ చేయించుకుని, అప్పటిదాకా తూంకుంటలో బిడ్డ ఇంట్లో ఉంది. నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగి, ఇంట్లోకి కూడా పోకుండా నేరుగా దొడ్డి దగ్గరికి నడిచింది. అద్దాలు పైకెత్తి ఒక్కొక్క జీవాన్నీ చూసుకుంటూ పోయి, చివర ఆగింది.

"కుర్మయ్యా, నల్లబొట్టోడు ఏడి?"

"నిన్ననే తోలిన గదమ్మా. మేడ్చల్‌కు. మసీదుకు."

బుచ్చవ్వ అద్దాలు దించింది. "అది మైసమ్మది గద రా" అంది.

కుర్మయ్య చేతిలో సుబాబుల్ కొమ్మ ఉంది. అది కింద పెట్టి, "ఎప్పుడు మొక్కినవ్?" అన్నాడు.

"నిరుడు. కండ్లు మసక కమ్మినప్పుడు. చూపు దక్కితే కట్ట మైసమ్మకు దాన్ని ఇస్తనని మొక్కిన. ఆ మసకల గూడ నా కంటికి ఆనింది గా నల్లబొట్టే."

"మరి నాకు చెప్పాల్నా వద్దా?"

"మొక్కు తీరకముందే నోటితోని బయట పెడతరారా? అందుకే గద, పిల్లగున్నప్పుడే దాని చెవి కొయ్యకు అన్న. అమ్మోరికి ఇచ్చేదానికి ఒంటి మీద గాటు ఉండొద్దని."

"నువ్వు చెవి కొయ్యకు అంటే, మసీదుకు ఏరినవ్ అనుకున్న."

"మసీదుకు ఏరుడు నీ పని. నేనెందుకు ఏరుత?"

ఆ ఇంట్లో కోయని చెవికి ఒకటే అర్థమని కుర్మయ్య అనుకున్నాడు. తల్లికి ఇంకో అర్థం ఉందని ఆయనకు తట్టనే లేదు. ఏడాదిపాటు అదే పొట్టేలుకు ఇద్దరూ మేత వేశారు, ఎవరి దేవుడి కోసం వాళ్ళు.

మా అక్క గడపలో నిలబడి, "అత్తా, మైసమ్మకు వేరేది ఇస్తే కాదంటదా?" అంది.

"నాకు వేరేటోళ్ళ కండ్లు పెట్టలే గద ఆమె" అంది బుచ్చవ్వ.

నేను ఊరుకుంటానా? బావకు చెవిలో ఉపాయం చెప్పాను. "ఊకె పరేషాన్ ఎందుకు బావా? మాట్లాడకుండ ఉండు. రేపు పండగ అయిపోతది. వాళ్ళకు తెల్వదు, మైసమ్మకు నేను సర్ది చెప్త."

"ఇంకొకరి పేరు మీదున్న జీవాన్ని వాళ్ళు కొయ్యరు పరమేశా. నేను తెలిసి ఊకుంటే వాళ్ళ పండగ నేను చెడగొట్టినట్టు."

"చెప్తే యూనుస్ ఊకుంటడా? వచ్చే ఏడు లారీవాని దగ్గరికే పోతరు."

"పోతరు" అన్నాడు కుర్మయ్య. అని దొడ్డిలోకి పోయి, మందలోకెల్లా బలమైన పొట్టేలును పట్టుకొచ్చి ట్రాలీలో ఎక్కించాడు. దాని ఎడమ చెవికి ఇంటి గాటు ఉంది.

"చెవి తెగింది కుర్బానీకి నడవదు గద బావా" అన్నాను.

"నడవదు. ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె?"

బుచ్చవ్వ కూడా వస్తానంది. వద్దన్నా వినలేదు. ట్రాలీలో గడ్డి మోపు మీద కూర్చుని, పక్కన పొట్టేలు, కళ్ళకు నల్లద్దాలు. దారిలో జనం ఆగి చూశారంటే నమ్మండి. ఎవరో మంత్రిగారి తల్లి వచ్చిందని మేడ్చల్ చౌరస్తాలో ఒకతను నమస్కారం కూడా పెట్టాడు. ఆమె తిరిగి పెట్టింది. దారిలో ఏ మంద కనబడినా తల తిప్పి చూసే కుర్మయ్య, ఆ రోజు ఒక్క మందనూ చూడలేదు.

మసీదు వాకిట్లో జీవాలు వరసగా కట్టేసి ఉన్నాయి. పిల్లలు ఆకులు తినిపిస్తున్నారు. సందులో ఆడపిల్లలెవరో నల్లబొట్టు నుదుటికి గోరింటాకు పెట్టారు. నల్లబొట్టు చుట్టూ ఎర్రటి వలయం. బుచ్చవ్వ దాన్ని చూసి అద్దాలు ఎత్తి, "అయ్యో, మా పెండ్లికొడుకును మంచిగనే తయారు చేసిండ్రు" అంది.

ఇమాం సాబ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "క్యా కుర్మయ్యా, నిన్ననే వచ్చిపోతివి. ఇయ్యాల అమ్మను గూడ తెచ్చినవ్. అంతా ఖైరియతేనా?"

కుర్మయ్య చెప్పులు దూరంగా విడిచి నిలబడ్డాడు. ఆయన జీవితంలో అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడి ఉండడు. "సాబ్, ఈ నల్లబొట్టు నాది గాదు. మా అమ్మ దీన్ని నిరుడే మైసమ్మకు మొక్కిందట. నాకు ఇయ్యాల పొద్దున ఎరుకైంది. నేను తప్పు జీవం తోలిన. వాపస్ తీస్కపోత."

యూనుస్ లేచాడు.

"రేపు పండగ. ఇయ్యాలొచ్చి వాపస్ అంటవా కుర్మయ్యా? ఇంకేయేవి మొక్కినవో? అన్నీ తీస్కపోతవా?"

"మిగిలినయి నావే."

"అది గూడ నిన్న నీదే అంటివి."

కుర్మయ్య తల దించుకున్నాడు. నాకు నోరు దురద పెట్టింది. నాలుగు మాటలు తగిలించేవాణ్ణే, కానీ బుచ్చవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇమాం సాబ్ యూనుస్‌ను కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, "కుర్మయ్యా, నువ్వు చెప్పకుంటే మాకు తెలిసేదా?" అన్నాడు.

"తెల్వకపోవు సాబ్."

"మరి ఎందుకు చెప్పినవ్?"

కుర్మయ్య కొంచెం ఆలోచించి, "మా అమ్మకు తెలుసు గద సాబ్. ఆమెతోని ఒక్క ఇంట్ల ఉండాలె" అన్నాడు.

మెట్ల మీద ఉన్న ముసలివాళ్ళు ఫక్కున నవ్వారు. ఇమాం సాబ్ కూడా నవ్వి, బుచ్చవ్వ వైపు తిరిగాడు. "మీ కండ్లు మంచిగ కనబడుతున్నయా అమ్మా?"

"మస్తు కనబడుతున్నయ్ అయ్యా. నీ గడ్డంల తెల్లయి ఎన్నో నల్లయి ఎన్నో గూడ కనబడుతున్నయ్."

"అయితే మొక్కు తీర్చుకోండ్రి. ఒకరి పేరున పెట్టింది మాకొద్దు. తీస్కపోండ్రి" అని, ట్రాలీ వైపు చూశాడు. "అదేంది కుర్మయ్యా, ఇంకోటి తెచ్చినవ్?"

"ఊకె తెచ్చిన సాబ్. అది నడవదు. చెవి తెగింది."

ఇమాం సాబ్ లేచి వచ్చాడు. పొట్టేలు ఎడమ చెవి చేతిలోకి తీసుకుని, గాటు మీద చిటికెన వేలు గోరు పెట్టి చూశాడు. గోరు కూడా నిండలేదు. ఆ చెవిని ఆ మూల నుంచి ఈ మూలకు కొలిచినట్టు చూసి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే సాబ్. మా ఇంటి గుర్తు."

"మూడో వంతు కంటే తక్కువ తెగితే నడుస్తది కుర్మయ్యా. ఇది గోరంత గూడ లేదు. నడవదని నీకెవరు చెప్పిండ్రు?"

"మునుపటి పెద్ద ఇమాం సాబ్ మా నాయినతోని అన్నడట. చెవి తెగింది తేవొద్దని."

"అన్నడేమో. ఎంత తెగింది అని మీ నాయిన అడగలే?"

"మా నాయిన పెద్దోళ్ళను మళ్ళ అడిగేటోడు గాదు సాబ్."

"మరి నువ్వు?"

"నేను మా నాయినను అడగలే."

ఈసారి యూనుస్ కూడా నవ్వాడు. అంతసేపు బిగబట్టుకున్న ముఖం విడిపోయి, "రెండు తరాలాయె, ఒక్కడు గూడ అడగలే!" అంటూ తనే వచ్చి పొట్టేలును దింపించుకున్నాడు. దాన్ని నల్లబొట్టు ఉన్న చోట కట్టేసి, ఆకులు వేసి, మా వైపు చూసి, "గట్టిదే" అన్నాడు. సైకిల్ షాపు యూనుస్ మెచ్చుకోవడమంటే అంతే.

నల్లబొట్టు ట్రాలీలోకి తనంత తానే ఎగిరి ఎక్కి, బుచ్చవ్వ పక్కన గడ్డి మోపు మీద కూర్చుంది. ఇది నా కళ్ళతో చూశాను. అక్క నమ్మలేదు. మీరు ఎంత నమ్మాలో ఇప్పుడు చెబుతాను. ఇమాం సాబ్ చెప్పిన లెక్కే. నా మాటల్లో తెగింది మూడో వంతుకు లోపే ఉంటుంది. కాబట్టి నడుస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "బావా, ఇన్నేండ్లు చెవులు కొయ్యక, జీవాలు పోగొట్టుకుని, కులపోళ్ళతోని మాటలు పడ్డవ్. అంతా ఉత్తదే గద?"

అలియాబాద్ మలుపు దగ్గర కుర్మయ్య, "ఉత్తదెట్లయితది?" అన్నాడు.

ఆ వచ్చే ఆదివారం బుచ్చవ్వ షామీర్‌పేట కట్ట మైసమ్మ దగ్గర మొక్కు తీర్చుకుంది. నల్లబొట్టు నుదుట పసుపు, కుంకుమ పెట్టబోతే గోరింటాకు ఇంకా పోలేదు. అక్కడి ఆడవాళ్ళు గుమిగూడి, "ఇదేంది బుచ్చవ్వా, తురకోళ్ళ పెండ్లిల నుంచి లేపుకొచ్చినవా?" అని అడిగారు. "అవ్ మరి. వాళ్ళే సాగదోలిండ్రు" అంది బుచ్చవ్వ. పసుపు ఆ ఎరుపు మీదనే పెట్టింది.

ఆ ఏడు చలికాలం మళ్ళీ పిల్లలు పుట్టాయి. చెవులు కోసే రోజు నేను పనిగట్టుకుని పోయాను. ఇప్పుడైనా బావ అన్ని చెవులూ కోస్తాడు, కులపోళ్ళ నోళ్ళు మూతపడతాయి, ఆ గొప్ప సన్నివేశం నేను చూడాలి కదా. కుర్మయ్య దొడ్డిలో పీట వేసుకుని కూర్చున్నాడు. అక్క ఒక్కొక్క పిల్లనూ పట్టి అందిస్తోంది. ఆయన ముందు కాళ్ళు చూస్తాడు, కళ్ళు చూస్తాడు, నోరు చూస్తాడు. చూసి కొన్నింటికి చటుక్కున గాటు పెట్టి వదులుతున్నాడు. కొన్నింటిని మాత్రం అట్లాగే కింద దించుతున్నాడు, నిండు చెవులతో.

"నడుస్తదని ఇమాం సాబ్ చెప్పె గద బావా! మళ్ళ ఎందుకు వదులుతున్నవ్?"

"నడుస్తది."

"మరి?"

ఆయన ఒక పిల్లను ఒళ్ళో పెట్టుకుని, దాని చెవులు రెండూ వేళ్ళతో నిమురుతూ చెప్పాడు. "మొన్న యూనుస్ వచ్చిండు. వచ్చే పండగకు ఇన్ని కావాలె అని చెప్పి పోయిండు. పోయేటప్పుడు ఏమన్నడు ఎరుకేనా? లారీవాడు గూడ నీ పేరు చెప్పి అమ్ముతున్నడట కుర్మయ్యా, అందుకే నిండు చెవులు ఉన్నయా లేవా చూసి తీస్కోండ్రి అని మా సందుల అందరికి చెప్పిన అన్నడు."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. నాకే పట్టిందంటే మీకూ పట్టవచ్చు, తొందర లేదు. కులపోళ్ళంతా గాటు పెట్టి గుర్తు వేస్తారు. ఈయనకు గాటు లేకపోవడమే గుర్తయింది. మేడ్చల్‌లో కోయని చెవి కనబడితే అది కుర్మయ్య జీవమే.

ఆ పిల్లను కింద వదలబోయి, కుర్మయ్య ఆగాడు. అరుగు మీద పత్తి వొత్తులు చేసుకుంటున్న బుచ్చవ్వ వైపు తిరిగి, గొంతు పెంచి అడిగాడు.

"అమ్మా, దీన్ని వదులుతున్న. దీని మీద నీకేమన్న మొక్కున్నదా?"

"చెప్తే మొక్కెట్లయితదిరా?"

"చెప్పకు. ఉంటే ఒక దారం కట్టు."

బుచ్చవ్వ లేచి వచ్చి, నల్లద్దాలు ఇప్పుడు లేవు కాబట్టి కళ్ళు చికిలించి ఆ పిల్లను ఆసాంతం చూసింది. పక్కన ఉన్న ఇంకో పిల్లను, నల్లదాన్ని, పట్టి మెడకు పసుపు దారం కట్టింది.

కుర్మయ్య ఎడమ మీసం కదిలింది. "ఇప్పుడేం రోగమొచ్చిందే నీకు?" అన్నాడు.

"నాకేం రోగం? నీ బామ్మర్ది నోటికి. కొంచెం తగ్గిస్తదేమో చూద్దమని" అంది బుచ్చవ్వ.

ఆ నల్లపిల్ల ఇప్పుడు నాకంటే బరువుంది. మైసమ్మ ఇంకా దాన్ని పిలవలేదు.